అలుపు తీర్చే పల్లెపాట

మడిలో పుట్టి, రికార్డుకెక్కి, మళ్ళీ అరుగు మీదికే వచ్చింది
వినడంలో ఊరట ఉంది... పాడే గొంతు నిలిస్తేనే అది నిలుస్తుంది

అల్లూరు: కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చేసరికి అల్లూరు చుట్టుపక్కల కయ్యలన్నీ నీళ్ళతో నిండి ఆకాశానికి అద్దం పట్టినట్లుంటాయి. నారు కట్టలు గట్ల మీదికి చేరతాయి. ఆడవాళ్ళు కుచ్చెళ్ళు ఎగదోపి, వరస కట్టి మడిలో దిగుతారు. తెల్లవారి వంచిన నడుము మధ్యాహ్నం సద్ది విప్పేదాకా ఎత్తేది లేదు. సాయంత్రం ఇంటికి చేరేసరికి కాళ్ళు నానిపోయి, వేళ్ళ సందులు ఒరిసి, నడుము పట్టేసి ఉంటుంది.

ఒకప్పుడు ఈ బాధకు మడిలోనే మందు ఉండేది. వరసలో గొంతున్న అక్క ఒకరు పాట ఎత్తుకునేవారు. తక్కినవారు వంత పలికేవారు. పాట సాగినంతసేపూ చేయి సాగేది. పాట అయ్యేసరికి మడి అయ్యేది.

నాట్లు ఇప్పుడూ ఉన్నాయి. నడుము నొప్పీ ఉంది. మడిలో పాట మాత్రం తగ్గింది. పొద్దుగూకాక నులకమంచం వాల్చుకొని, సెల్ ఫోనులో పాతకాలపు జానపద గీతాలు పెట్టుకొని వినేవారు మాత్రం పల్లెల్లో ఇంకా ఉన్నారు. తంబుర మీటు, గుమ్మెట దెబ్బ, ఒక గొంతు. అంతే. విన్న కాసేపటికి మనసు కుదుటపడుతుంది. రోజంతా పడిన శ్రమ ఎక్కడికీ పోదు గాని, దాని బరువు తగ్గినట్లుంటుంది.

ఇందులో మహత్తు ఏముంది? పెద్ద పెద్ద వాద్యాలు లేవు, రంగుల బొమ్మలు లేవు, కొత్త కథా లేదు. అయినా ఆ పాట ఊరట ఎందుకిస్తుంది? తరచి చూస్తే ఇది చిన్న ప్రశ్న కాదు.

పనికో పాట

అల్లూరు ప్రాంతంలో పనులు ఒక తీరువి కావు. తూర్పున సముద్రం, దాని వెంట బకింగ్‌హాం కాలువ, ఉప్పు మళ్ళు, ఇప్పుడు రొయ్యల గుంటలు. పడమటికి వచ్చే కొద్దీ మాగాణి. ఆ పైన మద్రాసు నుంచి విజయవాడకు పోయే రైలు దారి. వరి, ఉప్పు, చేప... ఈ మూడింటి మీదా బతికిన నేల ఇది. తెలుగునాట పల్లెల్లో ఏ పనికి ఆ పాట ఉండేది.

వల లాగాలన్నా, పడవను తాడుకట్టి గట్టు మీది నుంచి లాగాలన్నా పదిమంది బలం ఒకే క్షణాన పడాలి. ఆ క్షణం ఏదో చెప్పేది పాటే. 'ఐలెస్సా' అనే మాటకు నిఘంటువులో అర్థం వెతికితే లాభం లేదు. దాని అర్థం భుజాల్లో ఉంది. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా పోయే బకింగ్‌హాం కాలువలో సరుకు పడవలు తిరిగిన రోజుల్లో ఇలాంటి కేకలతోనే బరువు కదిలేది.

ఒకే రోటిలో ఇద్దరు ముగ్గురు వడ్లు దంచేటప్పుడు రోకళ్ళు ఢీకొనకుండా వరస కాపాడేది సువ్విపాట. ఏతాం తొక్కేవారు ఎన్ని బానల నీళ్ళు పోసిందీ పాటలోనే లెక్క పెట్టుకునేవారు. తెల్లవారుజామున తిరగలి పాట. ఊయల దగ్గర జోలపాట. ధనుర్మాసంలో గొబ్బిపాట. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు అప్పగింతల పాట. పుట్టుక నుంచి చావు దాకా పాట లేని ఘట్టం లేదు.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. పల్లెపాట వినోదం కోసం పుట్టింది కాదు. అలుపును మోయడానికి పుట్టింది. భుజానికి కావడి ఎలాంటిదో మనసుకు పాట అలాంటిది. బరువు తగ్గించదు, మోసే వీలు కల్పిస్తుంది. విన్నప్పుడు కలిగే ఊరటకు మూలం ఇక్కడే ఉంది.

పాట రికార్డుకెక్కిన కథ

చాలాకాలం చదువుకున్నవారి దృష్టిలో ఈ పాటలకు విలువ లేదు. సంగీతం అంటే కచేరీ, కీర్తన. కూలివాళ్ళ పాట సభలో పాడదగింది కాదనుకునేవారు. ఆ గోడను పగలగొట్టినవారిలో ముందుగా చెప్పుకోదగినవారు వింజమూరి అక్కచెల్లెళ్ళు అనసూయాదేవి, సీతాదేవి.

అనసూయాదేవి 1920 మే 12న కాకినాడలో జన్మించారు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఈ అక్కచెల్లెళ్ళకు మేనమామ. భావకవుల గీతాలు ఇంట్లోనే వినిపించే కుటుంబంలో పెరిగినా, వారి చెవి మాత్రం పల్లె వైపు తిరిగింది. జనం నోట విన్న పాటలు సేకరించారు. వాటికి స్వరాలు రాసి పుస్తకాలుగా తెచ్చారు. అనసూయాదేవి హార్మోనియం ముందు కూర్చుంటే, చెల్లెలు గొంతు కలిపితే, కోతల పాట, జోలపాట సభలోకి దర్జాగా నడిచివచ్చాయి. రేడియోలోకీ, గ్రామఫోను రికార్డుల్లోకీ ఎక్కాయి.

నెల్లూరు జిల్లాకు ఆ రోజుల్లో రాజధాని మద్రాసే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. 1938 జూన్ 16న మద్రాసులో రేడియో కేంద్రం మొదలైంది. అందులో తెలుగు కార్యక్రమాలూ వచ్చేవి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. అటు మద్రాసు, ఇటు బెజవాడ... రెంటి మధ్యా ఉన్న నెల్లూరు సీమ వారికి రేడియో పాట దూరపు చుట్టం కాలేదు.

గ్రామఫోను సంగతి వేరు. పల్లెలో అది ఉన్న ఇల్లు ఒకటో రెండో. కీ ఇవ్వాలి. సూది మార్చాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క పళ్ళెం ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పాడదు. మడిలో గంటసేపు సాగే పాటను మూడు నిమిషాల్లో ఇమడ్చాలంటే ఎంత నేర్పు కావాలి! చరణాలు కొన్ని రాలిపోయాయి. కాని పాట ప్రాణం నిలిచింది.

ఇవాళ అందరి నోటా నలిగే 'ఆల్బం' అనే మాట కూడా ఆ పళ్ళేల కాలం నాటిదే. నాలుగైదు రికార్డులను ఫోటోల పుస్తకంలాంటి అట్టల సంపుటిలో దాచి అమ్మేవారు. అందుకే పాటల గుత్తికి ఆ పేరు వచ్చింది. 1948లో వచ్చిన ఎల్.పి. రికార్డు ఒక వైపే ఇరవై నిమిషాలకు పైగా పాడింది. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ తెచ్చింది. ఆ తరువాతి కాలంలో టేప్ రికార్డరు పల్లెలకు చేరి, పెద్దింటి గ్రామఫోను పాట పూరింటికి కూడా వచ్చింది. ఇప్పుడు సెల్ ఫోను చేతిలో ఉంటే చాలు.

చెల్లెలు సీతాదేవి హైదరాబాదు ఆకాశవాణిలో జానపద సంగీతానికి సేవ చేశారు. తెలంగాణ రైతాంగ పోరాటం మీద గౌతం ఘోష్ 1979లో తీసిన 'మా భూమి' చిత్రానికి సంగీతం కూర్చినవారిలో ఆమె ఒకరు. ఆ చిత్రంలో గద్దర్ గొంతెత్తిన పాట ఊరూరా మోగిన సంగతి పాతతరం వారికి గుర్తుండే ఉంటుంది. ఆ పాటకు బలం వాద్యాల వల్ల వచ్చింది కాదు. గొంతు వల్ల, దాని వెనక ఉన్న జనం వల్ల వచ్చింది.

అక్క అనసూయాదేవి చివరి రోజులు అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో గడిచాయి. 2019 మార్చి 23న అక్కడే, 98 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఇన్ని వేల మైళ్ళ దూరాన ఉన్న తెలుగువారి ఇళ్ళలో కూడా ఊరు గుర్తుకొచ్చినప్పుడు వినాలనిపించేది ఇలాంటి పాటే. అల్లూరు అరుగు మీద వినేవారికీ, అక్కడ వంటింట్లో వినేవారికీ మధ్య సముద్రాలున్నా ఆ పాట దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే ఊరు.

వింటే ఏం జరుగుతుంది?

జోలపాటనే తీసుకుందాం. బిడ్డకు మాట తెలియదు. రాగం పేరు తెలియదు. అయినా నిద్రపోతుంది. తల్లి ఊపే ఊయల వేగం, పాట వేగం, బిడ్డ ఊపిరి... కాసేపటికి మూడూ ఒకే దారిలో పడతాయి.

ఇది తల్లులకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతే అయినా, శాస్త్రజ్ఞులు ఈమధ్య లెక్కగట్టి చూశారు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు 144 మంది పసిబిడ్డలకు తమకు ఏమాత్రం తెలియని భాషల జోలపాటలు, ఇతర పాటలు వినిపించారు. జోలపాట విన్నప్పుడు బిడ్డల గుండె వేగం ఎక్కువగా నెమ్మదించినట్లు 2020లో ప్రకటించారు. భాష తెలియకపోయినా ఫలితం కనిపించింది. అంతకుముందు 2018లో అదే విశ్వవిద్యాలయం వారు 60 దేశాల జనానికి ఎక్కడెక్కడి పాటల ముక్కలో వినిపించి, ఇది దేనికోసం పాడిన పాటో చెప్పమంటే, జోలపాటను చాలామంది ఇట్టే గుర్తుపట్టారు.

పెద్దవారి మాటేమిటి? శస్త్రచికిత్సకు ముందు భయంతో ఉన్న రోగులకు సంగీతం వినిపిస్తే ఎలా ఉంటుందన్న విషయం మీద వివిధ చోట్ల జరిగిన 26 పరీక్షలను 2013లో ఒకచోట చేర్చి చూశారు. రెండు వేల మందికి పైగా రోగుల అనుభవం అది. సంగీతం విన్నవారిలో ఆందోళన తగ్గినట్లు తేలింది. పాట జబ్బు నయం చేస్తుందని ఎవరూ అనలేదు. మందు మందే, వైద్యుడు వైద్యుడే. బెదురు తగ్గించడంలో పాటకు పని ఉందని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

పల్లెపాటలో ఊరటకు మరికొన్ని కారణాలు తోస్తాయి.

మొదటిది వంత. ఒకరు పాడితే పదిమంది అందుకునే పద్ధతి. రికార్డులో వంత వినిపించినప్పుడు వినేవారు ఒంటరిగా కూర్చున్నా ఒంటరి కారు. గుంపులో ఉన్నట్లుంటుంది. పిల్లలు పట్నాలకు వెళ్ళిపోయి ఇద్దరే మిగిలిన ముసలివాళ్ళ ఇంట్లో ఈ వంతకున్న విలువ ఇంతా అంతా కాదు.

రెండోది తిరిగి తిరిగి వచ్చే పల్లవి. తరువాత ఏం వస్తుందో వినేవారికి ముందే తెలుసు. తెలిసిందే మళ్ళీ రావడంలో ఒక భరోసా ఉంది. రేపు వాన ఎలా ఉంటుందో, ధర ఎలా ఉంటుందో తెలియని రైతుకు, వల ఖాళీగా వస్తుందో నిండుగా వస్తుందో తెలియని బెస్తవానికి, చెప్పిన చోటికి చెప్పినట్లు వచ్చేది లోకంలో పల్లవి ఒక్కటే.

మూడోది మాట. తంబుర, గుమ్మెట, తాళాలు, పిల్లనగ్రోవి వంటి చిన్న వాద్యాలు గొంతును మింగెయ్యవు. గొంతు వెనకనే నడుస్తాయి. అందుకని పాటలో ప్రతి మాటా చెవికి తగులుతుంది. ఆ మాట ఇంట్లో అమ్మ, అత్త, మేనత్త మాట్లాడుకునే మాటే. అర్థం కోసం తడుముకోనక్కర్లేదు. పాడే మనిషి తీసే ఊపిరి కూడా వినిపిస్తుంది. పాటలో మనిషి ఉన్నాడని చెప్పేది ఆ ఊపిరే.

ఏడిపించే పాటలోనూ ఊరటే

ఊరట అంటే తియ్యగా ఉండే పాటే అనుకుంటే పొరపాటు. అప్పగింతల పాట వింటే కంట నీరు పెట్టని తల్లి ఉండదు. అయినా పెళ్ళయి పదేళ్ళయిన ఆడబిడ్డ పుట్టిల్లు గుర్తుకొచ్చినప్పుడు ఆ పాటే పెట్టుకుంటుంది. ఏడుపు బయటికి వచ్చాక గుండె తేలికపడుతుంది. తన ఒక్కదానికే కాదు, తన తల్లికీ, అమ్మమ్మకూ ఇదే జరిగిందని ఆ పాట చెబుతుంది. కష్టం పోదు. కష్టానికి తోడు దొరుకుతుంది.

నెల్లూరు సీమకు చెందిన కాటమరాజు కథ కూడా ఇలాంటిదే. పశువుల మేతకు కట్టవలసిన పుల్లరి దగ్గర నెల్లూరు ప్రభువుకూ గొల్లలకూ మధ్య వచ్చిన తగాదా యుద్ధం దాకా పోయిన కథ అది. కొమ్ములవారు రాత్రుళ్ళ తరబడి పాడేవారు. అందులో గెలుపు కన్నా చావులే ఎక్కువ. తెల్లవార్లూ మేలుకొని విని, పొద్దున్నే మందను తోలుకుపోయే కాపరికి ఆ కథ ధైర్యమే ఇచ్చింది గాని దిగులు పెట్టలేదు. తన బతుకు కూడా కథ కట్టదగినదే అన్న నమ్మకం ఇచ్చింది.

తీరం వెంబడి ఊళ్ళకు తుపానులు కొత్త కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుపాను సంగతి ఈ ప్రాంతంలో పెద్దలు ఇంకా మరచిపోలేదు. ఇల్లు కూలి, పైరు మునిగినప్పుడు కావలసింది బియ్యం, బట్ట, గూడు. పాట వాటికి బదులు కాదు. కాని అవి దొరికాక కూడా రాత్రిపూట గాలి కాస్త పెద్దదైతే చాలు ఉలిక్కిపడే మనసు ఒకటి ఉంటుంది. ఆ మనసుకు బియ్యం సరిపోదు. తెలిసిన గొంతు కావాలి.

హోరుకూ పాటకూ తేడా

ఈనాడు తిరునాళ్ళలోనూ, పెళ్ళి ఊరేగింపుల్లోనూ మనిషి ఎత్తు పెట్టెలు పెట్టి గుండెలదిరేలా పాటలు మోగించడం మామూలైపోయింది. వాటిలో జానపదాలూ ఉంటున్నాయి. పాట పల్లెదే. కాని ఆ మోతలో మాట వినపడదు. పసిబిడ్డలు బెదురుతారు. పశువులు కట్టుగొయ్యలు తెంచుకుంటాయి. గుండెజబ్బు ఉన్నవారి అవస్థ చెప్పనలవి కాదు.

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45 డెసిబెళ్ళు దాటరాదు. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా బయలులో లౌడ్ స్పీకర్లు మోగించరాదు. పండుగలకు కొద్ది రోజుల సడలింపు ఉన్నా అది అర్ధరాత్రి వరకే. నియమం మాట అలా ఉంచితే, ఇంగితం ఒకటి ఉంది. పాట మనిషిని దగ్గరికి పిలవాలి. చెవులు మూసుకొని పారిపోయేలా చేసేది ఊరట ఎలా అవుతుంది? పక్కింటివారికి వినపడకుండా, మంచం మీది మనిషికి వినపడేంత చాలు.

పాడినవారి పేరేది?

ఇంతవరకూ బాగానే ఉంది. రికార్డు వచ్చింది, క్యాసెట్ వచ్చింది, ఫోను వచ్చింది. వినేవారికి లోటు లేదు. మరి పాడేవారో?

రికార్డు మీద పాడిన కళాకారుల పేర్లు ఉన్నాయి. 'జానపదం' అన్న మాట ఉంది. ఆ కళాకారులకు పాట చెప్పిన కూలిమనిషి పేరు మాత్రం చాలా రికార్డుల మీద ఉండదు. ఏ మడిలో, ఏ నావ మీద, ఏ రోటి దగ్గర ఆ పాట మొదట వినిపించిందో ఎవరూ రాయలేదు. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటి పండితులు ఊళ్ళు తిరిగి పాటలు పోగుచేయబట్టి కొన్నయినా మిగిలాయి. రామరాజు గ్రంథం 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో అచ్చయింది. కాని కాగితం మీద మాట మిగులుతుందే గాని గొంతు మిగలదు.

రోకలి పోయి మిల్లు వచ్చింది. ఏతాం పోయి మోటారు వచ్చింది. కొడవలి చోట కోత యంత్రం వచ్చింది. వాటివల్ల ఆడవాళ్ళ నడుములకు కొంత విశ్రాంతి దొరికింది. అందుకు విచారించవలసిన పని లేదు. పాట కోసం మళ్ళీ వడ్లు దంచమని ఎవరూ కోరరు. కాని పనితోపాటు పాట కూడా వెళ్ళిపోతుంటే చూస్తూ ఊరుకోవలసిన అవసరమూ లేదు.

ఇంకో సంగతి కూడా గమనించదగ్గది. ఇంగ్లండులో రాబిన్ డన్‌బార్ అనే ఆచార్యుడు తన సహచరులతో కలిసి చేసిన పరిశోధన ఒకటి 2012లో వెలువడింది. పాడినవారికీ, వాయించినవారికీ, ఆడినవారికీ నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగిందనీ, ఊరికే కూర్చొని విన్నవారికి అలా పెరగలేదనీ అందులో తేలింది. నాట్ల మడిలో పాట ఎత్తుకున్న అక్కకు ఈ సంగతి ఏ పరీక్షా లేకుండానే తెలుసు. వినడం మనసుకు మంచిదే. గొంతు కలపడం ఒంటికి కూడా మంచిది. కనుక ఫోనులో పాట వస్తున్నప్పుడు వంత దగ్గరైనా గొంతు కలిపేవారు రెండింతలు లాభం పొందుతారు.

ఫోను పెట్టండి, పాట అడగండి

అమెరికాలో జాన్ లోమాక్స్ అనే ఆయన, కొడుకు ఆలన్‌తో కలిసి 1933లో పల్లెపాటలు సేకరించడానికి బయలుదేరాడు. వారి రికార్డింగు యంత్రం బరువు సుమారు 140 కిలోలు. దాన్ని కారు వెనక వేసుకొని పొలాలకూ, జైళ్ళకూ తిరిగి, పేరు లేని పాటగాళ్ళ గొంతులు పట్టుకున్నారు. వాళ్ళు పట్టుకున్న పాటలు ఆ దేశపు జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఆ తండ్రీకొడుకులు మోసిన బరువు ఇవాళ ఎవరూ మోయనక్కర్లేదు. అంతకన్నా మంచి యంత్రం ప్రతి ఇంట్లో పిల్లల చేతిలో ఉంది. కావలసిందల్లా సాయంత్రం ఒక గంట తీరిక.

ఫాను ఆపాలి. టీవీ ఆపాలి. ఫోను పాడేవారికి జానెడు దూరంలో మెత్తటి బట్ట మీద పెట్టాలి. ముందు అనుమతి అడగాలి. పెద్దవారికి బిడియం ఉంటుంది. 'గొంతు పోయిందమ్మా' అంటారు. గొంతు కోసం కాదు, పాట కోసమని చెప్పాలి. పాట మొదట్లోనే పాడేవారి పేరు, ఊరు, వయసు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చారో, ఏ పనిలో పాడేవారో వారి నోటనే చెప్పించాలి. మధ్యలో దగ్గినా, మరచిపోయి మళ్ళీ మొదలుపెట్టినా ఆపనక్కర్లేదు. పాట అయ్యాక ఫోనులోనే ఉంచితే ఫోనుతో పాటే పోతుంది. మరో రెండు చోట్ల దాచాలి. ఊరి బడిలో ఒక ప్రతి ఇస్తే పిల్లలు వింటారు.

అమ్మమ్మ బతికి ఉన్నప్పుడు ఈ పనికి ఒక గంట చాలు. ఆమె వెళ్ళిపోయాక ఎన్ని గంటలు వెచ్చించినా దొరకదు. ఊరికి ఇలాంటి పది గొంతులు పోగైతే అదే ఆ ఊరి ఆల్బం. దానికి కంపెనీ అక్కర్లేదు, ఖర్చు అక్కర్లేదు. పేరున్న కళాకారుల రికార్డు ఎంత బాగున్నా, తన పేరు పెట్టి పిలిచిన గొంతు పాడిన జోలపాటతో అది సాటిరాదు.

నాట్లు ఈ ఏడూ వస్తాయి. సాయంత్రం అరుగు మీద నడుము వాల్చినప్పుడు ఫోనులో పాత పాట వస్తుంది. తంబుర మోగుతుంది. మొదటి చరణం అయ్యేసరికి లోపల గదిలో మంచం పట్టిన ముసలామె రెండో చరణం అందుకుంటుంది. అది రికార్డులో ఉన్న చరణం కాకపోవచ్చు. మూడు నిమిషాల పళ్ళెంలో పట్టక రాలిపోయిన చరణమే కావచ్చు. అప్పుడు ఫోనులో పాట ఆపి ఆమె పాట వినాలి. పక్కనున్నవారు వంత అందుకోవాలి.